హక్కు ఉంది, రైలు లేదు

(కాకినాడలో ఒక గ్రంథాలయ సభలో, రైల్వే సరుకు రవాణా విభాగంలో పనిచేసి రిటైరైన ఉద్యోగి చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరును పెద్దగా మార్చకుండా రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకి వినబడకపోతే చెయ్యెత్తండి. కంట్రోల్ ఆఫీసులో ముప్పై ఏళ్ళు ఫోనులో అరిచిన గొంతు ఇది, మైకు లేకపోయినా పనిచేస్తుంది.

నాకిచ్చిన విషయం "మూలపడ్డ రైలు లైన్లను పోర్టు సరుకు కోసం మళ్ళీ తెరవాలా" అని. కాకినాడలో ఎవరైనా ఈ మాట అడిగారంటే వాళ్ళ మనసులో ఉన్నది, ఇక్కడి నుంచి గౌతమి ఒడ్డు దాకా పోయి ఆగిపోయే కోటిపల్లి లైనే. నాకు తెలుసు, మీకూ తెలుసు. దాని దగ్గరికి వస్తాను. దానికన్నా ముందు మిమ్మల్ని బెల్జియం, నెదర్లాండ్స్, జర్మనీ ఈ మూడూ కలిసే మూలకి తీసుకెళ్తాను. ఎందుకంటే సరిగ్గా ఈ ప్రశ్న మీదే అక్కడ రెండు దేశాలు పోట్లాడుకున్నాయి. అంతర్జాతీయ మధ్యవర్తుల దగ్గర తీర్పు కూడా తెచ్చుకున్నాయి. అయినా రైలు మాత్రం నడవలేదు. అది ఎందుకు నడవలేదో అర్థమైతే మన లైను సంగతి సగం అర్థమవుతుంది.

మా అమ్మాయి వాళ్ళు జర్మనీలో డ్యూసెల్‌డార్ఫ్‌లో ఉంటారు. మేం వెళ్ళినప్పుడు అందరూ కోటలు, మ్యూజియాలు చూపిస్తామన్నారు. నేను మాత్రం డాల్‌హైమ్ వెళ్దామన్నాను. అదేమిటో మా అల్లుడికే తెలీదు. మ్యోన్షెన్‌గ్లాడ్‌బాఖ్ నుంచి చిన్న ప్యాసింజరు వెళ్తుంది, పల్లెల మీదుగా. చివరి స్టేషను డాల్‌హైమ్. అక్కడ రైలు ఆగిపోతుంది, డ్రైవరు అటు క్యాబ్ నుంచి ఇటు క్యాబ్‌కి వచ్చేస్తాడు. దానికి అవతల అడవి. అడవిలో కాస్త నడిస్తే నెదర్లాండ్స్ వచ్చేస్తుంది, సరిహద్దు అని చెప్పే గేటూ ఉండదు, బంట్రోతూ ఉండడు. ఇంకొంచెం పోతే తుప్పుపట్టిన పట్టాలు, స్లీపర్ల మధ్య మొలిచిన చెట్లు. చెట్లంటే మొక్కలు కాదు, నాకన్నా ఎత్తు. మా ఆవిడ "దీన్ని చూడ్డానికా ఇంత దూరం" అంది. అవును, దీన్ని చూడ్డానికే.

ఆ పట్టాల పేరు ఐరన్ రైన్. అంటే ఇనుప రైన్ నది. బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ రేవు నుంచి జర్మనీలోని మ్యోన్షెన్‌గ్లాడ్‌బాఖ్ దాకా సుమారు 160 కిలోమీటర్ల లైను. నది పేరు రైలుకెందుకు వచ్చిందంటే, ఆంట్‌వెర్ప్‌కి నది లేక. నది లేకపోవడమంటే, షెల్ట్ అని ఒక నది ఉంది, రేవు దాని ఒడ్డునే ఉంది. కానీ ఆ నది సముద్రంలో కలిసే చోటు డచ్చివాళ్ళది. వచ్చేపోయే ఓడల మీద వాళ్ళు సుంకం కూడా వసూలు చేసుకున్నారు, 1863లో బెల్జియం సొమ్ము కట్టి దాన్ని వదిలించుకునేదాకా. రైన్ నదేమో రోటర్‌డామ్ గుమ్మం ముందు నుంచి పోతుంది, అదీ డచ్చివాళ్ళదే. జర్మనీ బొగ్గు, ఉక్కు, గుడ్డలు అన్నీ ఆ నీళ్ళ మీదే దిగుతాయి. పక్కింటివాడికి వీధి గుమ్మమూ ఉంది, పెరటి గుమ్మమూ ఉంది, మనకి కిటికీ మాత్రమే ఉంది అన్నట్టు ఉండేది బెల్జియం పరిస్థితి.

డచ్చివాళ్ళంటే మనకి కొత్తవాళ్ళేం కాదు. మన జగన్నాథపురం వాళ్ళ స్థావరమే కదా, 1825లో ఇంగ్లీషువాళ్ళకి అప్పగించేదాకా. రేవు దగ్గర ఎక్కడ కూర్చోవాలో వాళ్ళకి బాగా తెలుసు.

1830లో బెల్జియం నెదర్లాండ్స్ నుంచి విడిపోయింది. విడిపోయేటప్పుడు ఆస్తి పంపకాలు తొమ్మిదేళ్ళు సాగాయి. మన ఉమ్మడి కుటుంబాల పంపకాల్లాగే. చివరికి 1839 ఒప్పందంలో లింబర్గ్ అనే ప్రాంతంలో పెద్ద ముక్క డచ్చివాళ్ళకి పోయింది. దానివల్ల ఆంట్‌వెర్ప్ నుంచి జర్మనీకి పోయే దగ్గరి దారిలో డచ్చి నేల అడ్డం పడింది. అప్పుడు బెల్జియం ఒక షరతు రాయించుకుంది: మీ నేల మీదుగా జర్మనీకి దారి వేసుకునే హక్కు మాకుండాలి, ఖర్చు మాది, నేల మీది. మన పొలాల్లో దారి హక్కు రాసుకుంటామే, పై మడివాడు కింది మడి గట్టు మీదుగా బండి తోలుకునే హక్కు, అచ్చం అదే. 1873లో ఇంకో ఒప్పందంతో ఆ దారి రైలు దారి అయింది, రూర్‌మోండ్ ఊరి మీదుగా. 1879లో రైళ్ళు మొదలయ్యాయి.

నడిచిన రోజుల్లో బాగానే నడిచింది. 1914లో యుద్ధం వచ్చింది. బెల్జియాన్ని జర్మనీ ఆక్రమించింది, నెదర్లాండ్స్ మాత్రం తటస్థంగా ఉండిపోయింది. తటస్థ దేశం మీదుగా సైన్యాన్ని, సరంజామాని తోలుకోవడం కుదరదు. అప్పుడు జర్మన్లు ఏం చేశారు? డచ్చి నేలని తాకకుండా ఆహెన్ నుంచి మోంట్‌సెన్ మీదుగా బెల్జియంలోకి కొత్త లైను వేసేశారు. రష్యా యుద్ధఖైదీలతో చాకిరీ చేయించి, మోరెనె దగ్గర కిలోమీటరు పైన పొడవున్న వంతెనతో సహా. గుట్టల దారి అది. ఇప్పటికీ ఆహెన్ నుంచి ఎక్కే బరువైన గూడ్సుకి వెనకనుంచి ఇంకో ఇంజను తోయాల్సిందే. మన అరకు ఘాట్ వైపు పనిచేసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, బ్యాంకర్ అని పిలిచే ఆ తోపుడు ఇంజను సంగతి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను. ఐరన్ రైన్ కథలో అందరూ కోర్టు గురించి మాట్లాడతారు. గూడ్సు మనిషిగా నాకు అసలు మలుపు ఇదే అనిపిస్తుంది. ఒక లైను కొన్నాళ్ళు మూసుకుంటే దాని సరుకు ఇంట్లో కూర్చుని ఏడవదు. వేరే దారి వెతుక్కుంటుంది. దొరికిన దారి ఎంత వంకరదైనా, ఎంత ఎత్తుదైనా, ఒకసారి అలవాటైతే అక్కడే యార్డు వెలుస్తుంది, క్రూ అక్కడే కాపురం పెడతారు, టైంటేబుల్ దాని చుట్టూ అల్లుకుంటుంది. యుద్ధం అయ్యాక ఐరన్ రైన్ మళ్ళీ తెరిచారు, కానీ పాత వైభవం మాత్రం తిరిగి రాలేదు. సరుకంతా మోంట్‌సెన్ గుట్టలెక్కడం నేర్చేసుకుంది.

రెండో దెబ్బ నీళ్ళ మీద నుంచి వచ్చింది. 1975లో ఆంట్‌వెర్ప్ నుంచి రైన్ వైపు నేరుగా పడవలు పోయే షెల్ట్–రైన్ కాలువ తెరిచారు. అంటే బెల్జియంకి నూట ముప్పై ఏళ్ళ తర్వాత నీళ్ళ రైనే దొరికింది. ఇక ఇనుప రైన్‌ని పట్టించుకునేదెవరు? 1991లో ఆ చివరి నుంచి ఈ చివరి దాకా పోయే రైళ్ళు ఆగిపోయాయి. రెండు చివర్లూ బతికే ఉన్నాయి: బెల్జియం వైపు ప్యాసింజర్లు, జర్మనీ వైపు డాల్‌హైమ్ దాకా ఆ చిన్న బండి. మధ్యలో రూర్‌మోండ్ నుంచి సరిహద్దు దాకా ఉన్న ముక్క మాత్రం పడుకుంది.

పడుకున్న లైను ఖాళీగా ఉండదు, మిత్రులారా. ఈ సంగతి మన ఊళ్ళల్లో కట్టల మీద పాకలు చూసినవాళ్ళందరికీ తెలుసు. అక్కడ పాకలు వేయలేదు, అడవి వేసింది. ఆ ముక్క మైన్‌వెగ్ అనే అడవిలోంచి పోతుంది. 1990లలో దాన్ని నేషనల్ పార్కు చేశారు. నిశ్శబ్ద ప్రాంతం అని కూడా ప్రకటించారు, అంటే చప్పుడు చేయడమే నేరం. రక్తపింజరకి దగ్గర చుట్టమైన పాము ఒకటి అక్కడ బతుకుతుంది, దాన్ని కాపాడుకోవాలని వాళ్ళకి చాలా పట్టుదల. "పాము కోసం రైలు ఆపారట" అని జర్మనీలో మన తెలుగు కుర్రాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. రోజుకి పదుల కొద్దీ గూడ్సు బళ్ళు, ఒక్కోటి ఆరేడు వందల మీటర్లు, రాత్రంతా. మీ ఇంటి వెనక అది పోతుందంటే మీరూ పాముని వెనకేసుకొస్తారు.

ఇంకో తమాషా. ఆ సరిహద్దు దగ్గర ఊరు ఫ్లోడ్రోప్. మూతపడ్డ ఆ స్టేషను పక్కన ఒక పాత క్రైస్తవ మఠం ఉంది. దాన్ని తీసుకుని ఉన్నదెవరో తెలుసా? మహర్షి మహేశ్ యోగి. 1990 నుంచి అక్కడే ఉన్నాడు, 2008లో అక్కడే పోయాడు. రైలు ఆగిన చోట ధ్యానం మొదలైంది. సరే, విషయానికి వద్దాం.

1998లో బెల్జియం లేచింది. ఆంట్‌వెర్ప్‌లో కంటైనర్లు పెరుగుతున్నాయి, మోంట్‌సెన్ దారి ఇరుకవుతోంది, కాబట్టి మా పాత లైను మాకు తెరిచి ఇవ్వండి అంది. నెదర్లాండ్స్ కాదనలేదు. "తప్పకుండా, అయితే రూర్‌మోండ్ ఊరి మధ్యలోంచి వద్దు, చుట్టూ తిప్పండి. అడవిలో సొరంగం వేయండి. చప్పుడు ఆపే గోడలు కట్టండి. ఖర్చు మీది, 1839లో మీరే రాశారు కదా" అంది. బెల్జియం నోరెళ్ళబెట్టింది. 2003లో ఇద్దరూ హేగ్‌లోని శాశ్వత మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి వెళ్ళారు. రోసలిన్ హిగ్గిన్స్ అనే న్యాయమూర్తి అధ్యక్షతన అయిదుగురు మధ్యవర్తులు కూర్చున్నారు. 2005 మే 24న తీర్పు వచ్చింది.

ఆ తీర్పుని రెండు మూడు సార్లు చదివాను. నాలాంటివాడికీ అర్థమయ్యేలాగే రాశారు. సారాంశం ఇదీ. బెల్జియం హక్కు పోలేదు, నూట అరవై ఏళ్ళ కిందటిదైనా సరే. నేల మాత్రం నెదర్లాండ్స్‌దే, దాని చట్టాలే వర్తిస్తాయి, పర్యావరణ షరతులు పెట్టుకోవచ్చు. కానీ షరతుల పేరు మీద హక్కునే నలిపేయకూడదు. ఖర్చు ఒక్కరి నెత్తిన వేయలేదు. సొరంగం ఖర్చు ఇద్దరూ పంచుకోవాలన్నారు, మిగతా ముక్కల్లో ఎవరికోసం ఏ పని జరుగుతోందో చూసి విడగొట్టారు. పర్యావరణానికి హాని జరగకుండా చూడటం అభివృద్ధిలో భాగమే అని ఆ తీర్పులో ఉంది. అంతర్జాతీయ న్యాయం చదివే పిల్లలు ఇప్పటికీ ఆ మాట కోసమే ఈ కేసు చదువుతారు.

తీర్పు వచ్చి ఇరవై ఏళ్ళు. లైను అలాగే ఉంది.

ఎందుకంటారా? నా అభిప్రాయం చెబుతాను, ఒప్పుకోవాలనేం లేదు. హక్కు ఎవరిదో తేలింది, ఖర్చు ఎలా పంచుకోవాలో తేలింది. "ఈ సరుకు ఈ లైను లేకపోతే ఆగిపోతుంది" అని లేచి చెప్పే వ్యాపారి మాత్రం ఆ గదిలో ఎవరూ లేరు. ప్రభుత్వాలు పోట్లాడాయి, సరుకు పోట్లాడలేదు. సరుకుకి మోంట్‌సెన్ ఉంది, 2008లో ఆ దారికి కరెంటు కూడా పూర్తిగా వచ్చింది. పడవలున్నాయి. లారీలున్నాయి. పక్కనే రోటర్‌డామ్‌కి సరుకు కోసమే వేసిన బేటువె లైను ఉంది, 160 కిలోమీటర్లు, 2007లో తెరిచారు. దానికే దాదాపు 4.7 బిలియన్ యూరోలయింది, మొదట వేసిన అంచనాకి ఎన్నో రెట్లు. అంత పోసీ సరిహద్దు దాటాక జర్మనీ వైపు మూడో లైను పూర్తి కాక బళ్ళు ఇరుక్కున్నాయి. అది కళ్ళముందే జరుగుతుంటే డచ్చి ఆర్థిక మంత్రి ఎవరైనా ఇంకో సొరంగానికి సంతకం పెడతాడా?

తర్వాత వాళ్ళే దారి మార్చుకున్నారు. అడవి జోలికి పోకుండా రూర్‌మోండ్ నుంచి ఫెన్లో వైపు తిరిగి, ఉన్న లైన్లనే బాగుచేసి జర్మనీలోకి వెళ్దామని 3ఆర్ఎక్స్ పేరుతో ప్రతిపాదన చేశారు. చూడండి, తెరవాలనుకున్నది పాత పట్టాలని. చివరికి చర్చ వచ్చి ఆగింది వేరే పట్టాల మీద. కావలసింది పట్టాలు కాదు, చేరాల్సిన చోటు.

ఇప్పుడు కోటిపల్లి.

ఈ గదిలో సగంమందికి ఈ కథ నాకన్నా బాగా తెలుసు. కాకినాడ నుంచి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి, 45 కిలోమీటర్లు. 1928లో వేశారు. 1940లో యుద్ధావసరాలకని పట్టాలు పీకి పట్టుకుపోయారు. ఐరోపాలో యుద్ధం వాళ్ళకి కొత్త లైను వేసింది, ఇక్కడ మన లైను పీకింది. అరవై ఏళ్ళు కట్ట మీద పశువులు తిరిగాయి. బాలయోగి గారు లోక్‌సభ స్పీకరుగా ఉన్నప్పుడు పట్టుబట్టి దీన్ని కదిలించారు. 2004లో మళ్ళీ రైలొచ్చింది, అప్పటికి ఆయన లేరు. రైలంటే రైల్‌బస్సు, ఒక్క బోగీ. నేనూ ఎక్కాను. ద్రాక్షారామంలో దిగేవాళ్ళు, కోటిపల్లి సోమేశ్వరుడి దగ్గరకి పోయేవాళ్ళు, పిల్లలకి రైలు చూపించడానికి వచ్చినవాళ్ళు. బరువైన ఇంజను ఎక్కిన రోజులు తక్కువ.

కాబట్టి న్యాయమైన ప్రశ్నే: పట్టాలున్నాయి, పోర్టుంది, మధ్యలో కోనసీమ గుమ్మం దాకా రైసుమిల్లులున్నాయి. మిల్లు బియ్యం రైల్లో పోర్టుకి ఎందుకు పోకూడదు? ఆఫీసుల చుట్టూ అర్జీలు పట్టుకుని తిరిగినవాళ్ళు కూడా ఈ సభలో ఉన్నారు.

ఒక బస్తాని పట్టుకుని వెళ్దాం. రామచంద్రపురం మిల్లులో బస్తా ఉంది. లారీ అయితే మిల్లు గుమ్మంలో హమాలీలు ఎక్కిస్తారు, ముప్పై కిలోమీటర్లు, పోర్టు గోడౌనులో దించుతారు. ఒక ఎక్కింపు, ఒక దింపు. రైలు అయితే? మిల్లులో లారీకి ఎక్కించాలి, గూడ్స్ షెడ్డులో దించాలి, వ్యాగనుకి ఎక్కించాలి, కాకినాడలో వ్యాగను నుంచి దించాలి, మళ్ళీ లారీకి ఎక్కించి గోడౌనులో దించాలి. ఆ మధ్యలో రైలు మోసింది ముప్పై కిలోమీటర్లు. కూలీలకే రైలు చార్జీకన్నా ఎక్కువ పోతుంది. ఇంకో సంగతి, రైలు విడిగా రెండు వ్యాగన్లు పెట్టదు, రేకు పెడుతుంది, అంటే వ్యాగన్లన్నీ కలిపిన పూర్తి బండి. 42 బీసీఎన్ వ్యాగన్ల, అంటే పైకప్పున్న వ్యాగన్ల, రేకు అంటే సుమారు 2,600 టన్నులు. వంద లారీల పైన. అంత సరుకు ఒకే రోజు షెడ్డులో పేర్చి ఉండాలి, ఇచ్చిన గంటల్లో నింపాలి, లేకపోతే డెమరేజీ, అంటే ఆలస్యానికి జరిమానా. ఏ మిల్లు దగ్గర ఒక్కరోజున అంత ఉంటుంది? పదిమంది మిల్లర్లు కలవాలి. పదిమంది మిల్లర్లు ఒక తేదీ మీద కలవడం... (సభలో నవ్వులు) మీరే నవ్వుతున్నారు, నేనేం అనలేదు.

అదే బియ్యం ఛత్తీస్‌గఢ్ నుంచి కాకినాడకి రేకుల్లోనే వస్తోంది. అక్కడ రైలే గెలుస్తుంది. ఆ అయిదారు ఎక్కింపు దింపుల ఖర్చు వందల కిలోమీటర్ల మీద పరుచుకుంటుంది. దూరం లేని చోట రైలుకి బలం లేదు. ఇది ఎవరి తప్పూ కాదు, ఎవరి నిర్లక్ష్యమూ కాదు. ఆంట్‌వెర్ప్‌కి 160 కిలోమీటర్లే చాలా తక్కువైంది. మనది 45.

సరుకు నిలకడ కూడా చూడాలి. 2023 జులైలో బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని కేంద్రం ఒక్క ఉత్తర్వుతో ఆపేసింది. తిరిగి తెరిచింది 2024 సెప్టెంబరులో. ఆ ఏడాది పైగా కాకినాడ యాంకరేజీ రేవులో పడవల మీద పనిచేసే కూలీలు ఎలా గడిపారో మీ వీధుల్లోనే చూశారు. ఆ ఒక్క సరుకునే నమ్ముకుని లైను తెరిచి ఉంటే, ఆ నెలల్లో సిగ్నలు దీపాలకి నూనె ఎవరు పోసేవారు? దీపాలిప్పుడు కరెంటువే అనుకోండి, సామెతకి అన్నాను.

అయితే పోర్టుకోసం రైలు వేయడమే దండగ అని నేననడం లేదు. ఒకే సరుకు మీద నిలబడ్డ లైన్లు మనకే ఉన్నాయి. కొత్తవలస–కిరండూల్ లైను బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవుకి దింపడానికి వేసిందే. అడవుల్లో, కొండల్లో, సొరంగాల మీద సొరంగాలు. అక్కడ కొండ నిండా ఖనిజం ఉంది, రేవు అవతల కొనేవాడు చేయి చాచి నిలబడ్డాడు. కృష్ణపట్నం చూడండి. ఓబులవారిపల్లె నుంచి వెంకటాచలం దాకా వెలిగొండల్ని తొలిచి, ఆరున్నర కిలోమీటర్ల పైచిలుకు సొరంగంతో కొత్త లైను వేశారు, 2019లో తెరిచారు. అది పాత లైను తెరవడం కాదు, లేని లైను వేయడం. ఎందుకు వేశారు? రేవు నుంచి రాయలసీమ వైపు పోయే బొగ్గు రేకులు రేణిగుంట, గూడూరు చుట్టు తిరుగుతూ ప్యాసింజర్ బళ్ళ కాళ్ళకి అడ్డం పడుతున్నాయి కాబట్టి. సరుకు ముందే ఉంది, దారి ఇరుకైంది. లైను వస్తే సరుకు వస్తుందిలే అని వేసింది కాదు అది.

మరి కోటిపల్లిని మర్చిపోదామా? నేను ఇంత దూరం వచ్చింది ఆ మాట చెప్పడానికి కాదు.

జర్మనీలో 2017 ఆగస్టు 12న రాష్టాట్ అనే ఊరి దగ్గర కొత్త సొరంగం తవ్వుతుంటే పైన ఉన్న పాత లైను కుంగిపోయింది. రైన్ లోయలో ఉత్తరాన్నీ దక్షిణాన్నీ కలిపే ప్రాణనాడి అది. అక్టోబరు 2 దాకా బంద్. ఏడు వారాలు. గూడ్సు బళ్ళు ఎక్కడివక్కడ యార్డుల్లో కూలబడ్డాయి. పక్కన ఫ్రాన్స్ వైపు దారి ఉంది, కానీ ఆ రూటు తెలిసి, ఆ భాష మాట్లాడే డ్రైవర్లు చాలినంతమంది లేరు. మన రైల్వే భాషలో చెప్పాలంటే, ఎల్.ఆర్. చేసిన క్రూ లేరు, అంటే ఆ రూటు మీద ముందే తిరిగి నేర్చుకున్నవాళ్ళు లేరు. దారి ఉన్నా బండి పోలేదు. రెండో దారి విలువ ఆ ఏడు వారాల్లో అందరికీ తెలిసింది. ఐరన్ రైన్ కోసం వాదించేవాళ్ళ దగ్గర నాకు నచ్చిన వాదన ఇదొక్కటే: రోజూ కావాలని కాదు, మోంట్‌సెన్ వంతెనకి ఏమైనా అయిన రోజున ఆంట్‌వెర్ప్ గొంతు మూసుకుపోకూడదు అని.

మన దగ్గర చూడండి. విజయవాడ నుంచి విశాఖ దాకా దేశపు తూర్పు తీరం రాకపోకలన్నీ ఒకే మెయిన్ లైను మీద, గోదావరి మీద రాజమండ్రి దగ్గరే దాటాలి. తుఫానుకి గండి పడిందంటే కంట్రోల్ ఆఫీసులో మా పరిస్థితి ఎలా ఉండేదో నన్నడగండి. టెన్షన్‌తో టీ కూడా దిగేది కాదు. బళ్ళని బల్లార్షా మీదుగా, నాగ్‌పూర్ మీదుగా తిప్పేవాళ్ళం. ఇప్పుడు మ్యాపు పట్టుకుని కోటిపల్లి చూడండి. ఈ వైపు నుంచి వచ్చి గౌతమి ఒడ్డున ఆగిపోయింది. అవతల నరసాపురం దాకా 57 కిలోమీటర్ల లైను మంజూరై ఏళ్ళయింది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ, మూడు పాయలు దాటాలి. గౌతమిలో స్తంభాలు లేచాయి. ఆ మూడు వంతెనలూ పూర్తయి నరసాపురంతో కలిస్తే కోటిపల్లి లైను ఇక 45 కిలోమీటర్ల తోక కాదు. భీమవరం నుంచి కోనసీమ మీదుగా కాకినాడ రేవుకి, అక్కడి నుంచి సామర్లకోట దగ్గర మెయిన్ లైనుకి చేరే రెండో దారి అవుతుంది. అప్పుడు పోర్టు సరుకు దాని మీద నడుస్తుంది, రామచంద్రపురం బియ్యం వల్ల కాదు, కృష్ణా జిల్లా దాకా ఉన్న దూరం వల్ల.

కాబట్టి నా జవాబు, మీకు నచ్చినా నచ్చకపోయినా: ఉన్న ముక్క మీద పోర్టు సరుకు తోలమని అడగడం ఆపేద్దాం. వంతెనలు అడుగుదాం. మొదటిది అడిగినంత కాలం, ఆఫీసులో మన అర్జీ తిప్పికొట్టడానికి నాలాంటివాడికి రెండు నిమిషాలు చాలు. నేనే తిప్పికొట్టాను కొన్ని, ఒప్పుకుంటున్నాను.

(సభలో ఒకరు: మరి లారీల వల్ల మా రోడ్లు పోతున్నాయి, దుమ్ము, యాక్సిడెంట్లు, అవి లెక్కలోకి రావా?)

రావాలండి. ఇప్పుడు రావడం లేదు. లారీ కిరాయిలో గుంట పూడ్చే ఖర్చు లేదు, రోడ్డు పక్క ఇంటివాడి దగ్గు లేదు. రైలు మాత్రం తన పట్టాల ఖర్చు తానే చార్జీలో వేసుకుంటుంది. ఆ పోటీలో న్యాయం లేదు, నిజమే. ఐరోపాలో కొన్ని దేశాలు బరువు లారీల మీద కిలోమీటరు చొప్పున పన్ను వేసి దాన్ని కొంత సరిచేశాయి, జర్మనీలో 2005 నుంచి ఉంది. అయినా అక్కడ కూడా ముప్పై కిలోమీటర్ల దూరానికి లారీనే వాడతారు. మీ వీధి దుమ్ముకి జవాబు బైపాసు రోడ్డు, టార్పాలిన్ కప్పించడం. దానికి రైలుని అడిగితే ఇరవై ఏళ్ళు పడుతుంది, దుమ్ము ఈ సంక్రాంతికే వస్తుంది.

(మరొకరు, మిల్లు యజమాని: మరి మమ్మల్ని ఏం చేయమంటారు?)

ఒక పని చేయండి. ఇప్పటిదాకా వెళ్ళిన అర్జీల్లో సంతకాలు వేలల్లో ఉన్నాయి, సరుకు లెక్క మాత్రం నేను చూసిన ఒక్కదాంట్లోనూ లేదు. మీ మిల్లు నుంచి పోయిన ఏడాది ఏ నెలలో ఎన్ని బస్తాలు, ఏ ఊరికి, ఎంత కిరాయికి పోయాయో, మీ వేబిల్లులు చూసి ఒక కాగితం మీద రాయండి. కాకినాడకి పోయింది ఒక పక్క, వంద కిలోమీటర్లు దాటి పోయింది ఇంకో పక్క. భీమవరం వైపు చేపల మేత, కోనసీమ కొబ్బరి, ఎరువులు ఎటునుంచి వస్తున్నాయి, అవీ రాయించండి, వాళ్ళ సంఘాలతో మాట్లాడండి. వచ్చే రెండో శనివారం నేను ఇక్కడే ఉంటాను, కాగితాలు పట్టుకు రండి, కూర్చుని రేకుల్లోకి మారుద్దాం. పోర్టు లెక్క ఎంతొచ్చిందో, దూరం లెక్క ఎంతొచ్చిందో అప్పుడు చూద్దాం.

మీ మిల్లుకి అంత ఓపిక గల గుమాస్తా ఉన్నాడా మరి?

(మిల్లు యజమాని: ఉన్నాడండి. మా ఆవిడే.)

అయితే ఆవిడనే తీసుకురండి.